పోచమ్మకు పదిహేడో నెంబరు

ఆ రోజు నేను అమ్మవారి వీపు మీద తెల్లరంగుతో నెంబరు వేశాను. పొరపాటున జరిగిందని చాలాకాలం చెప్పుకుంటూ వచ్చాను. నిజానికి దానికంటే ముందు, ఆఫీసు బల్ల దగ్గర తీరిగ్గా కూర్చుని చేసిన తప్పు ఇంకొకటి ఉంది.

1962 వేసవిలో నన్ను పురావస్తు శాఖ డ్రాఫ్ట్స్‌మన్‌గా వరంగల్లుకు వేశారు. కూలిపోయిన పాత గుళ్లకు నక్షాలు గీయడం నా పని. పడి ఉన్న ప్రతి రాయికీ నెంబరు వేసి, ఆ నెంబరును నక్షాలోనూ రిజిస్టరులోనూ చూపాలి. నెంబరు చుట్టూ సున్న చుట్టామంటే ఆ రాయి కదలాలని అర్థం. మర్నాడు ఎడ్లబండ్లు వచ్చి దాన్ని మా షెడ్డుకు చేరుస్తాయి. రిజిస్టరులో చివరి గడి ‘పూజలో ఉన్నదా?’ అని. ఊళ్లో పెద్దవాళ్లను అడిగి, ఒక్కో రాయికీ విడివిడిగా జవాబు రాయాలి.

మా నాన్న కాజీపేటలో రైల్వే గార్డు. లాంతరు నుంచి తాళంచెవి దాకా మా ఇంట్లో నెంబరు లేని వస్తువు లేదు. నెంబరు పడితే పని అయిపోయినట్టేనన్న నమ్మకం నాకు అక్కడే అంటుకుంది. మరిపెడ నుంచి పరకాల దాకా మోటారు సైకిలు మీద వారంలో ఆరు గుళ్లు చూసి రమ్మన్నారు. రిజిస్టరులో నెంబర్లు ముందే అచ్చయి ఉంటాయి కనుక, బయల్దేరకముందే ఆరింటికీ చివరి గడిలో ‘లేదు’, ‘లేదు’ అని పైనుంచి కిందిదాకా నింపేశాను.

పరకాల ఇవతలి ఊళ్లో ఆరో గుడి. మంటపం పడిపోయి, ద్వారబంధం విరిగిన ముక్క ఒకటి వేపచెట్టు కింద నిలబడి ఉంది. దానికి పదిహేడు వేసి సున్న చుట్టాను. రంగు ఆరకముందే సాయవ్వ అనే ముసలావిడ వచ్చింది. ఆమె వెంట కల్లు గీసే కొమురయ్య.

“అమ్మ వీపు మీద ఏం రాసినవ్ బిడ్డా?” అని అడిగింది.

అప్పుడు చుట్టూ తిరిగి చూశాను. అవతలివైపు పసుపు, కుంకుమ, రెండు వెండి కళ్లు.

“నెంబరు అవ్వా. పదిహేడు.”

“మరి కడమ పదహారు మంది ఎవలు?”

“రైలు డబ్బా అనుకున్నడు గావచ్చు అవ్వా. జర ఆగు, టికెట్ గూడ ఇస్తడు” అన్నాడు కొమురయ్య.

సాయవ్వ నవ్వలేదు. మనుమరాలికి తట్టు పోసి తగ్గిందట. మర్నాడు పొద్దున బోనం. బండ్లు కూడా పొద్దున్నే వస్తాయని చెప్పాను. “అమ్మను నువ్వు కొంటవోతే నేను బోనం ఎవలకు పెట్టాలె?” అంది.

రిజిస్టరులో ఎక్కింది, నా చేతుల్లో లేదు అన్నాను. అబద్ధం. రిజిస్టరు నా చంకలోనే ఉంది.

అక్కడి నుంచి తప్పించుకోవాలని మోటారు సైకిలు ఎక్కాను. అది కదలలేదు. తన్నాను, తన్నాను, చొక్కా తడిసింది.

“ఫికర్ జెయ్యకు సార్, అమ్మ పట్టుకున్నది. నెంబర్ తుడువు, ఇడుస్తది” అన్నాడు కొమురయ్య.

ఐదో తన్నుకు నాకు గుర్తొచ్చింది. బండి ఆపినప్పుడు ట్యాంకు కింది పెట్రోలు కుళాయి నేనే కట్టేశాను. చెయ్యి కుళాయి దాకా పోయింది. చేతుల్లో లేదని ఇప్పుడే చెప్పి వచ్చినవాణ్ని. సిగ్గేసింది. బండి అలాగే వదిలేసి, కిరసనాయిలు సీసా, గుడ్డ తీసుకుని వేపచెట్టు దగ్గరికి వెళ్లాను.

తుడుస్తూ సాయవ్వకు నిజం చెప్పాను. “అమ్మ పట్టుకోలేదు అవ్వా. పెట్రోలు నేనే బంద్ జేసిన.”

“ఎరుకే. నువ్వు వచ్చినప్పుడు తిప్పంగ చూసిన.”

“మరి చెప్పలేదేంది?”

“చెప్తే పోదువు గద కొడుకా.”

పదిహేడులో ఏడు అంకె ఎంత రుద్దినా పూర్తిగా పోలేదు. దాని మీద ఆమె పసుపు మెత్తింది.

ఆ ఊళ్లోనే ఉండిపోయి, పొద్దున బండ్లవాళ్లకు రాయి చూపించి వద్దని చెప్పాను. బోనం అయింది. నాకూ ఇంత అన్నం పెట్టారు. ప్రభుత్వ రిజిస్టరులో అక్షరం చెరపకూడదు. ఎర్రసిరాతో కొట్టేసి, కారణం రాసి, సంతకం చేయాలి. ‘పదిహేడు: పూజలో ఉన్నది. అడగకుండా లేదని రాశాను’ అని రాశాను. మిగతా ఐదు ఊళ్లలో దేనికీ సున్న చుట్టలేదు కనుక రాళ్లన్నీ అక్కడే ఉన్నాయి. మళ్లీ వెళ్లి, ఒక్కో రాయి పక్కన నిలబడి అడిగాను. ఇంకో మూడు గడులు మారాయి. నా సంజాయిషీ చదివి, అలా మళ్లీ తిరిగిన వారాన్ని నా సెలవులో కోశారు. అది న్యాయమే.

రిటైరయ్యేదాకా ఊళ్లో అడిగి చివరి గడిని ముందు నింపి, తర్వాతే రంగు డబ్బా మూత తీశాను.