చిక్కపేటలో ఆగని మనిషి

మా బావ ఓబులేసును దొంగతనం కేసులో పట్టుకున్నారని కబురొచ్చింది. ఆయన బెంగళూరు చిక్కపేటలో హమాలీ, నేను హిందూపురం నూనె మిల్లులో కూలీని. అక్క ఏడుపు చూడలేక తెల్లవారుజామునే రైలెక్కాను. టికెట్టు రూపాయి పైచిలుకు, నాలుగు గంటలు నిలబడే ప్రయాణం. నిజం చెబుతాను, దారంతా నేనూ బావను అనుమానించాను. మిల్లు దగ్గరి రీడింగ్ రూములో నేరస్తుల మీద ఒక పుస్తకం కూడబలుక్కుని చదివాను. తప్పు చేసినవాడే పరుగెత్తుతాడని అందులో ఉంది. బావ పరుగెత్తాడట.

సిటీ స్టేషన్ దగ్గర జట్కా అతను ఆరణాలు అడిగి, నా మొహం చూసి జాలిపడ్డాడు. "ఆ సందుల్లోకి బండి పోదప్పా, నడిచి పో" అన్నాడు. ఇరవై నిమిషాల నడక. చిక్కపేటలో మోసే మనిషి కనబడడు, బట్టల మూటే కాళ్లొచ్చి మన మీదికి వస్తున్నట్టుంటుంది. రెండుసార్లు గుద్దించుకున్నాను, రెండుసార్లూ తిట్టాను.

ఠాణా చేరేసరికి పదకొండు. ఆవరణలో గోడవారన, పట్టుబడ్డ బట్టల మూట పక్కన బావ కూర్చుని ఉన్నాడు. ఎదురుగా దఫేదారు, ఫిర్యాదు చేసిన పొరుగూరి వ్యాపారి, నోటుబుక్కుతో ఇంకొకాయన. ఈయన నేరాల మీద పరిశోధన చేసే మాస్టారట. వ్యాపారి ఆ బజారుకు రావడం అదే మొదలు. బావ నెత్తిన మూట పెట్టించి, వెనకబడి, ఆగమని అరిచాడు. బావ ఆగకపోయేసరికి దొంగ దొంగ అని కేకలేసి పట్టించాడు. ఎందుకు ఆగలేదని మాస్టారు అడిగాడు.

"నెత్తిన మూట ఉండాది సామీ. ఆగితే బరువంతా మెడ మీద కూసుంటాది. దించేదానికి ఇద్దరు కావాల. అంగడి చేరేదాకా పరుగే."

మాస్టారు రాసుకున్నాడు. నమ్మినట్టు లేదు. నాకు ఒళ్లు మండింది.

"రాసింది చాలు సార్. ఆ మూట ఒక్కసారి ఎత్తుకోండి" అన్నాను.

దఫేదారు లాఠీ ఎత్తాడు. మాస్టారు వద్దని, కోటు విప్పాడు. ఇద్దరు జవాన్లు మూట ఎత్తి నెత్తిన పెట్టారు. నాలుగడుగులు వేశాడో లేదో, మోకాళ్లు వంగి, వద్దనుకున్నా పరుగు అందుకున్నాడు. ఆగండని గట్టిగా అరిచాను. ఆగలేదు. ఆవరణ చివర గోడ దాకా పోయి, దించమని కేక పెట్టాడు. ముందుగా పరుగెత్తి మూట పట్టుకున్నది ఆ వ్యాపారే. ఫిర్యాదు వెనక్కి తీసుకున్నదీ ఆయనే.

బయటికొచ్చి కాఫీ తాగుతుంటే బావ నెమ్మదిగా అడిగాడు. "నువ్వూ నమ్మినావా అప్పా?"

నేను లోటా వైపు చూశాను.

"తాగు. సల్లారిపోతాది" అన్నాడు.

ఆ పుస్తకం రాసినాయన ఎప్పుడూ మూట మోసి ఉండడు. మరి నేనో? రోజూ మిల్లులో బస్తాలు మోస్తాను. అయినా అచ్చులో ఉన్నదే నిజమనుకున్నాను. మాస్టారి మీద కోపం ఇంకా పోలేదు గానీ, ఆయన కోటైనా విప్పాడు. నేను నాలుగు గంటల రైల్లో ఆ పాటి పనీ చెయ్యలేదు.

చిక్కపేటకు సరుకు కొనడానికి పోయేవాళ్లకు ఒక్క మాట. హమాలీకి మూట చేర్చాల్సిన అంగడి గుర్తులు ముందే చెప్పి, అతని పక్కనే నడవండి. వెనకబడితే మీరే పరుగెత్తండి. అతన్ని ఆగమనకండి.