గంగాలమ్మ తొక్కనన్న రోజు

గంగాలమ్మ ఎదురుకాళ్ళతో పుట్టింది. ఈ పిల్ల కాలు తగిలితే నడుం పట్టు విడుస్తుందని పేటలో ఆడవాళ్ళు ఆ రోజే తేల్చేశారు. ఇంకా నడక కూడా రాకముందే, వలలు లాగి నడుం పట్టేసిన మగవాళ్ళ వీపు మీద ఆమెను ఎత్తి నిలబెట్టేవారట. ఇప్పుడామెకు అరవై దాటాయి. వారానికి నాలుగు రోజులు అప్పికొండ వైపు నుంచి ఆటోలో చేపల బేసిను పెట్టుకుని ఉక్కునగరం వస్తుంది. క్వార్టర్ల వెనక నీడ చూసుకుని కత్తిపీట వేస్తుంది. కానాగంత చేపలు కోసి, కడిగి, లెక్కగా సంచిలో వేసి ఇచ్చాక, ఆ ఇంట్లోనో పక్కింట్లోనో నడుం పట్టేసినవాళ్ళు ఎవరైనా ఉంటే చాప వేయించి బోర్లా పడుకోబెట్టి కుడి మడమతో మూడుసార్లు తొక్కుతుంది. దానికి ఏమీ పుచ్చుకోదు. పుచ్చుకుంటే కాలిలో గుణం పోతుందంటుంది.

ఉదయ్‌కుమార్‌కి ఈ గుణం మీద నమ్మకం లేదు. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివి స్టీల్ ప్లాంటు ల్యాబులో ఉక్కు నమూనాలు పరీక్షించే మనిషి. పట్టేసిన కండరం ఎవరు తొక్కినా వదులవుతుందని, తొక్కకపోయినా మూడు రోజులకి దానంతట అదే వదులవుతుందని తల్లి జోగమ్మకి చెప్పి చూశాడు. ఆమె వింటేగా. తగరపువలస పక్క పల్లెలో ముప్పై ఏళ్ళు వరినాట్లు వేసిన నడుం ఆమెది. ఆ సెక్టారులో ఆమెకి మనసు విప్పి మాట్లాడే మనిషి గంగాలమ్మ ఒక్కతే. ఇద్దరూ వదినా అంటే వదినా అనుకునేవారు.

గురువారం సాయంత్రం ఉదయ్ కూతురు యశస్విని బడి నుంచి వచ్చి బొడ్డు చుట్టూ నొప్పి అంది. ఎనిమిదేళ్ళ పిల్ల. అన్నం వద్దంది. ఒకసారి వాంతి చేసుకుంది. తల్లి రోజారమణి టీచర్ల ట్రైనింగుకని విజయవాడ వెళ్ళి అప్పటికి మూడు రోజులు. బడి గేటు దగ్గర పానీపూరీ తిని ఉంటుందని ఆమె ఫోనులో అంది. ఉదయ్ కూడా అలాగే అనుకున్నాడు.

శుక్రవారం తెల్లారేసరికి నొప్పి బొడ్డు దగ్గర లేదు. కుడివైపు వెనక్కి, నడుం పక్కకి పోయింది. థర్మామీటరు నూరు చూపించింది. ఉదయ్ డిగ్రీలో జువాలజీ చదివాడు కాబట్టి అపెండిక్స్ నొప్పి బొడ్డు దగ్గర మొదలై కుడివైపు దిగుతుందని తెలుసు. బొడ్డు నుంచి కుడి తుంటి ఎముకకి గీత గీస్తే, ఎముక వైపు నుంచి మూడింట ఒక వంతు దూరంలో ఆ చోటు. వేలితో కొలిచి నొక్కాడు. నొక్కి చటుక్కున వదిలాడు.

"నాన్నా, చక్కిలిగిలి," అంది యశస్విని.

అతనికి ఊపిరి వచ్చింది. అయినా ఆ పూట ఆరుసార్లు నొక్కి ఉంటాడు.

కూర్మన్నపాలెంలో పిల్లల డాక్టరు కూడా అక్కడే నొక్కి చూశాడు. పొట్ట మెత్తగా ఉంది. మూత్ర పరీక్షలో కాసిని చీము కణాలు వచ్చాయి. స్కానింగులో గ్యాసు అడ్డొచ్చి అపెండిక్స్ కనబడలేదు. కనబడలేదంటే బాగున్నట్టా అని ఉదయ్ అడిగాడు. కనబడలేదంటే కనబడలేదనే అని డాక్టరు నిదానంగా చెప్పాడు. ప్రస్తుతానికి మూత్రంలో ఇన్ఫెక్షన్‌లా ఉంది, మందు రాస్తాను, జ్వరం పెరిగినా నొప్పి తగ్గకపోయినా రేపు తప్పకుండా తీసుకురండి అన్నాడు. ఉదయ్ చెవిన ఇన్ఫెక్షన్ అన్న మాటే పడింది. రేపటి మాట మందుల చీటీతోపాటు జేబులోకి పోయింది.

శనివారం పొద్దున్న పిల్ల మంచం దిగి బాత్రూముకి వెళ్ళిన తీరు చూసి జోగమ్మ నిలబడిపోయింది. కుడివైపు వంగి, తుంటి మీద చెయ్యి ఆనించుకుని, చిన్న చిన్న అడుగులు వేస్తోంది. జోగమ్మ పక్కన కూర్చోబెట్టుకుని బుజ్జగించి అడిగితే, బుధవారం ఖోఖో ఆడుతూ కూలబడ్డానని బయటపెట్టింది. ఇంకేముంది, నడుం బెణికింది. జ్వరం మూత్రంది, నొప్పి బెణుకుది.

ల్యాబులో ఒకే నమూనాలో రెండు అంకెలు తేడాగా వస్తే, రెండింటికీ రెండు కథలు అల్లవద్దని, ఒకే కారణం ఉందేమో ముందు వెతకమని ఉదయ్ కొత్తగా చేరినవాళ్ళకి చెబుతుంటాడు. ఆ పొద్దున్న మాత్రం రెండు కథలూ ఒప్పేసుకున్నాడు. రెండూ చిన్నవి. రెండిటికీ భయపడక్కర్లేదు.

ఎనిమిదింటికి గంగాలమ్మ ఆటో ఆగింది. జోగమ్మ చేపలు చూడకుండానే ఆమెను చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది. ఇన్నాళ్ళూ వాదించిన ఉదయ్ తనే చాప తెచ్చి పరిచాడు. గంగాలమ్మ అది చూసి, పాఠాలు చెప్పే మాస్టారు బడి మారినట్టున్నాడని జోగమ్మతో నవ్వుతూ అంది. చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కుని వచ్చింది.

యశస్విని బోర్లా పడుకోలేకపోయింది. ఎడమ పక్కకి తిరిగి, కుడి మోకాలు కడుపులోకి ముడుచుకుంది. గంగాలమ్మ నవ్వు అక్కడే ఆగింది. చాప అంచున కూర్చుని ఒక అరచెయ్యి పిల్ల తుంటి మీద, రెండోది మోకాలి కింద పెట్టి, తడి గుడ్డ పొర విప్పినంత మెల్లగా ఆ కాలు వెనక్కి చాపబోయింది. బెత్తెడు కూడా కదలలేదు. పిల్ల పెట్టిన కేకకి పక్క క్వార్టరు కిటికీ తెరుచుకుంది.

గంగాలమ్మ కాలు ఎక్కడిదక్కడ పెట్టేసింది. లేచి గుమ్మం దగ్గరికి నడిచి చెప్పులు వేసుకుంది.

"నాను తొక్కను," అంది.

"అదేటి వదినా? బెణుకే కదేటి. బుధవారం ఆటలో పడిపోనాదట," అంది జోగమ్మ.

"బెణికితే ఒల్లు కాల్తాదేటి? బాబూ, ఈ పిల్ల అన్నం తిని ఎన్నాళ్ళయినాది?"

"గురువారం మధ్యాహ్నం తింది," అన్నాడు ఉదయ్. పైకి అనేసరికి ఆ లెక్క అతనికే కొత్తగా వినబడింది. "కానీ ముందువైపు నొక్కితే నొప్పి లేదు. డాక్టరు కూడా చూశాడు. స్కాన్ తీశారు."

"మా ఆయనకీ ముందువైపు నొప్పి లేదు," అంది గంగాలమ్మ. "మా ఆయన్ని నానే తొక్కినాను బాబూ."

అప్పుడు ఆమె నిలబడే చెప్పింది. పద్దెనిమిదేళ్ళ కిందటి మాట. భర్త ఎల్లారావు వేట నుంచి వచ్చి నడుం పట్టేసిందన్నాడు. వల లాగినవాడికి నడుం పట్టక ఏమవుతుంది. ఊళ్ళో అందరినీ తొక్కే మనిషి ఇంట్లో మొగుణ్ణి తొక్కకుండా ఉంటుందా. మూడుసార్లు తొక్కింది. మర్నాడు కుడి మోకాలు ముడుచుకుని పడుకుంటే, పట్టు ఇంకా వదల్లేదని మళ్ళీ మూడుసార్లు తొక్కింది. నాలుగో రోజుకి పెద్దాసుపత్రికి చేర్చారు. అపెండిక్స్ అందరికీ ముందుకో కిందికో వేలాడుతుందట. ఎల్లారావుకి అది పెద్దపేగు వెనక్కి మళ్ళి వీపుని ఆనుకుని ఉందట. అందుకే కడుపు మెత్తగా ఉండి నడుం నొప్పి పుట్టింది. చీము వెనకే పట్టింది. అతను మళ్ళీ ఇంటికి రాలేదు.

ఆసుపత్రిలో అంతా అయిపోయాక ఒక చిన్న డాక్టరమ్మ ఆమెని బల్ల మీద కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. తిట్టలేదు. వాచిన అపెండిక్స్ ఆనుకుని ఉండే కండరమే తొడని లాగుతుందని, అందుకే అలాంటివాళ్ళు కాలు చాపలేరని, వెనక్కి ఎత్తితే ఓర్చుకోలేరని చెప్పింది. గంగాలమ్మ కాలే ఎత్తి చూపించింది. తర్వాత రెండేళ్ళు గంగాలమ్మ ఎవరినీ తొక్కలేదు. జనం ఊరుకోలేదు. మళ్ళీ మొదలుపెట్టింది గానీ, ఎవరికైనా కాలు ఎత్తి చూడకుండా మడమ మోపదు. క్వార్టర్లలో అదంతా మంత్రంలో ఒక భాగం అనుకునేవారు. ఉదయ్ కూడా అలాగే అనుకుని నవ్వుకున్నాడు.

"కోసి వైద్దిం చేసే డాక్టరు కాడికి ఎల్లు," అంది గంగాలమ్మ. "గుక్కెడు నీల్లు కూడా పట్టకండి. ఆటో బయటే ఉన్నాది. నా బేసిను ఇక్కడ ఉంటే ఉంటాది, పోతే పోతాది."

గాజువాక ఆసుపత్రికి పోయే దారిలో ఆటో గతుకులో పడ్డప్పుడల్లా యశస్విని తండ్రి చొక్కా పిడికిట్లో నలిపేసింది. ఏడవడం లేదు. అదే అతన్ని ఎక్కువ భయపెట్టింది. నిన్నంతా ఎక్కడ నొక్కాడో తలుచుకున్నాడు. అదే చోటు, ఆరుసార్లు. నమూనా తప్పు చోట తీసి, ఉక్కు బాగుందని చీటీ రాసినట్టు. పుస్తకంలో చుక్క పెట్టిన చోటే అందరి కడుపుల్లోనూ ఉంటుందని ఎందుకనుకున్నాడు?

డ్రైవరు పక్కన కూర్చుని వచ్చిన గంగాలమ్మ ఆసుపత్రి గేటు దాటకుండా అదే ఆటోలో ఇంటికి వెళ్ళిపోయింది. సర్జన్ పేరు సాయిశంకర్. ఆయన కూడా ముందు పొట్ట నొక్కాడు. మెత్తగానే ఉంది. నిన్నటి రిపోర్టులు తిరగేశాడు. ఇన్ఫెక్షన్ మందు ఇంకో రోజు చూద్దామంటాడేమోనని ఉదయ్ ముందే అందుకున్నాడు.

"కాలు వెనక్కి ఎత్తి చూడండి సార్."

సర్జన్ తలెత్తాడు. "మీరు మెడికల్ ఫీల్డా?"

"కాదండి. మాకు చేపలు అమ్మే ఆవిడ చెప్పింది."

ఆయన నవ్వలేదు. పిల్లని ఎడమ పక్కకి తిప్పి కాలు పట్టుకున్నాడు. యశస్విని కేక వేయకముందే వదిలేశాడు. చివరి పక్కటెముక కింద, నడుం పక్కన రెండు వేళ్ళు ఆనిస్తే పిల్ల మెలికలు తిరిగింది. నర్సుని పిలిచి సెలైన్ పెట్టమన్నాడు, సీటీ స్కాన్ రాశాడు.

గంటలో తెర మీద చూపించాడు. పెద్దపేగు వెనక నుంచి పైకి, ఇంచుమించు కాలేయం కిందిదాకా పాకిన పొడుగాటి అపెండిక్స్, వాచి ఉంది. ముందు పేగులో గాలి ఉంది కాబట్టి చేతికీ మొదటి స్కానుకీ అందలేదు. మూత్రపిండం నుంచి దిగే గొట్టం దాని పక్కనే. వాపు దానికీ తగిలి మూత్రంలో ఆ నాలుగు కణాలు వచ్చాయి. మరి ఆటలో పడటం అని ఉదయ్ అడిగాడు. పిల్లలన్నాక పడతారు అన్నాడు సర్జన్. రెండు కథలూ పోయి ఒక్కటే మిగిలింది. ఆపరేషన్ వెంటనే చెయ్యాలన్నాడు. కడుపులో చిన్న రంధ్రాలు పెట్టి కెమెరాతో చూస్తూ తీస్తామని, అపెండిక్స్ పగిలి ఉంటే కొంత పెద్దగా కొయ్యాల్సి రావచ్చని కాగితం మీద సంతకం చేయించుకున్నాడు.

థియేటరు తలుపు మూసుకుంది. రోజారమణి అప్పటికే రైల్లో ఉంది. సామర్లకోట దాటామని ఒకసారి, తునిలో ఆగామని ఒకసారి ఫోను చేసింది. పిల్ల ఇంకా లోపలే ఉందని అతను చెప్పాడు. జోగమ్మ గోడకి ఆనుకుని నేల మీద కూర్చుంది. బల్ల మీద కూర్చోమంటే వినలేదు.

"ఒరే ఉదయా," అంది. "నాను పిలిసినాను కదరా తొక్కమని. ఆయమ్మ తొక్కేసుంటే?"

"చాప నేనే వేశాను అమ్మా," అన్నాడు అతను.

అనకాపల్లి నుంచి మళ్ళీ ఫోను మోగేలోపే తలుపు తెరుచుకుంది. సర్జన్ టోపీ తీస్తూ వచ్చాడు. పగల్లేదు అన్నాడు ముందుగా. కొన నల్లబడింది, వెనక గోడకి అతుక్కుపోయింది, విడదీయడానికి టైం పట్టింది, చీము మాత్రం బయటికి రాలేదు. జోగమ్మ తన ప్రశ్న ఆయన్ని కూడా అడిగింది. ఆయన ఆమె చేతిని ఒకసారి తట్టి లోపలికి వెళ్ళిపోయాడు.

ఆదివారమంతా సర్జను, నర్సులు వచ్చి, పేగులు మళ్ళీ కదిలాయో లేదో తెలియడానికి, గ్యాసు పోయిందా అని అడగడమే పని. సాయంత్రం పోయింది. జోగమ్మ ఆ వార్త వార్డు ఆ చివరిదాకా వినబడేలా చెప్పింది. యశస్విని సిగ్గుతో దుప్పటి ముసుగేసుకుని, నవ్వితే కుట్లు లాగుతున్నాయని నానమ్మని తిట్టింది.

సోమవారం పొద్దున్న గంగాలమ్మ వచ్చింది. చేపల వాసన రాకూడదని ఉతికిన చీర కట్టుకుంది. బేసిను భద్రంగానే ఉందా అని ఉదయ్ అడిగితే, పిల్లులు తిన్నంత తిని మిగిలింది పక్కవాళ్ళు వండుకున్నారట, వాళ్ళే కడిగి పెట్టారట. ఆమె మంచం దగ్గరికి వచ్చి పిల్ల మొహం చూడలేదు. ముందు దుప్పటి కింద కాళ్ళు చూసింది. యశస్విని వెల్లకిలా నిద్రపోతోంది. రెండు కాళ్ళూ తిన్నగా చాపుకుంది. కుడి పాదం దుప్పటి దాటి బయటికి వచ్చి ఉంది.

ఉదయ్‌కి ఏదైనా ఇవ్వాలని ఉంది. ఏమిస్తే పుచ్చుకుంటుందో తెలియలేదు. నసుగుతుంటే ఆమెకే అర్థమైంది.

"తొక్కితే ఏటీ పుచ్చుకోను బాబూ. ఇప్పుడు తొక్కలేదు కదా. ఒక టీ ఇప్పించు."

అతను కిందికి పరుగెత్తి టీ తెచ్చాడు. రోజారమణి లేచి కుర్చీ ఇచ్చింది. గంగాలమ్మ మంచం కాళ్ళ వైపు కుర్చీ లాక్కుని కూర్చుని, ఊదుకుంటూ తాగింది. టీ అయిపోయినా లేవలేదు. ఖాళీ కప్పు ఒళ్ళో పెట్టుకుని ఆ చాచిన కాలి వైపే చూస్తూ కూర్చుంది. ఉదయ్ ఆమెని కదపలేదు.