పెట్టె మీద నలభై, లోపల ముప్పైయేడు

ఆ రోజుల్లో పెట్టె మీద అచ్చేసిందంతా నిజమేనని నమ్మేవాణ్ణి. (వయసు ఇరవై రెండు, పని గవర్నర్‌పేటలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేయడం. రెంటికీ అంతకన్నా తెలివి అక్కర్లేదనుకున్నాను.) కొల్లేటి చేపల వ్యాపారం చేసే మా బాబాయి తన కూతురి పెళ్లి వీడియో నాకే అప్పగించాడు. మూడు టేపులూ కంప్యూటర్లోకి ఎక్కించడానికి నలభై జీబీ హార్డ్ డిస్కు సరిగ్గా సరిపోతుందని లెక్కగట్టి, ఆయన చేత కొత్తది కొనిపించాను. తీరా మూడో టేపులో అప్పగింతలు మొదలవగానే కంప్యూటరు చోటు లేదంది. చూస్తే ఉన్నది ముప్పైయేడే!

నాకు ఒళ్లు మండిపోయింది. డిస్కు ఊడదీసి, బాబాయిని వెంటబెట్టుకుని షాపు మీదికి వెళ్లాను.

"తప్పేం లేదండీ. కంపెనీవాళ్లు కేబీ, ఎంబీ, జీబీ అన్నిటికీ వెయ్యి చొప్పున లెక్కేస్తారు, కంప్యూటరేమో వెయ్యిన్నీ ఇరవైనాలుగు చొప్పున. పెట్టె అడుగున రాసే ఉందండీ," అన్నాడు షాపాయన. (ఉంది. భూతద్దం మాత్రం పెట్టెలో ఇవ్వలేదు.)

బాబాయి ముందుకొచ్చాడు. "ఏవండీ, మేం ఐసు తీసేసి తూకం వేస్తాం. ఆపైన ఇంకో చేప కొసరేస్తాం. మీరు ఐసుతో కలిపి తూచారన్నమాట! కొసరు మాట దేవుడెరుగు, ముందు ఆ మూడూ వెయ్యండి."

"ఇవి చేపలు కాదండీ బాబూ!" అని తల పట్టుకున్నాడాయన.

కంపెనీకి ఫోన్ చేస్తే షాపును అడగమన్నారు, షాపువాళ్లు కంపెనీని అడగమన్నారు. మూడు రోజులు తిరిగి, వినియోగదారుల ఫోరానికి రెండు పేజీల అర్జీ రాసుకుని గదికొచ్చేసరికి, నా బల్ల మీద మూడో టేపు లేదు. ఎక్కించేసిన టేపులను కెమెరామన్ తీసుకెళ్లి మళ్లీ వాడుకోవడం మా దగ్గర మామూలే.

"ఎక్కించేశావనుకున్నా గురూ! మైలవరం పెళ్లికి వాడేశా," అన్నాడు తాపీగా.

టేపు తెప్పించి పెట్టి చూస్తే, కూతుర్ని పట్టుకుని బాబాయి భోరుమన్న చోట ఎవరిదో బ్యాండుమేళం మోగుతోంది. బాబాయికి ఎలా చెప్పానో నాకే తెలీదు. సిగ్గుతో చచ్చిపోయాను. ఫోరంలో తేల్చుకుందామని అర్జీ చూపించబోతే ఆయన చూడనేలేదు. "పోన్లేరా. మన వీడియోలో అమ్మాయింకా పీటల మీదే ఉంది. అత్తారింటికెళ్లనే లేదు," అన్నాడు.

ఇప్పటికీ కొత్త డిస్కు కొంటే ముందు ఎంత తగ్గిందో చూసి విసుక్కుంటాను. ఆ అర్జీ నా దగ్గరే ఉంది. రెండు పేజీల్లోనూ పోయిన మూడు జీబీల గొడవే. టేపును జాగ్రత్త చేయాలన్న ఆలోచన ఎక్కడా లేదు. అది చదివినప్పుడల్లా ఆ ఇరవైరెండేళ్ల వాడి మీద కోపం రావాలి, కానీ నవ్వొస్తుంది.