జహంగీర్ సార్: పిల్లల దాకా రాని పాఠాలు

మన్నెగూడ చౌరస్తాలో బస్సు కోసం నిలబడి ఉండగా మా బడి అటెండర్ యాదయ్య ఫోన్ చేశాడు. "జహంగీర్ సార్ పోయిండు మేడం. పొద్దున నమాజుకు లేచి కూలబడ్డడట. దవాఖానకు తీస్కపోయేలోపే అయిపోయింది" అన్నాడు. ముందు రోజు సాయంత్రమే ఆయన నాతో పాటు బడి గేటు దాటారు. రేపు పదో తరగతి పిల్లల్ని ప్రార్థనకు ముందే తన దగ్గరికి పంపమని చెప్పి వెళ్ళారు. ఇబ్రహీంపట్నం బస్సు వచ్చి నా ముందు ఆగి వెళ్ళిపోయింది. ఎక్కాలన్న స్పృహ నాకు కలగలేదు.

మా ఉన్నత పాఠశాలలో ఆయన భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు, నేను తెలుగు పండితురాలిని. పన్నెండేళ్లు ఒకే స్టాఫ్ రూములో ఎదురెదురుగా కూర్చున్నాం. నన్ను 'చెల్లె' అని పిలిచేవారు. వాళ్ల నాన్న అబ్దుల్లాపూర్‌మెట్ చుట్టుపక్కల ఊళ్లు తిరిగి ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవారట. ఆ ఇంట్లో మొదట బడి గడప తొక్కింది ఈయనే, ఏడో తరగతి తప్పిందీ ఈయనే. ఆ సంగతి దాచుకోకపోగా, ఏటా కొత్త తరగతికి తన పరిచయం దానితోనే మొదలుపెట్టేవారు.

ఆయన సహనం అపారం. నల్లబల్ల దగ్గరికి పిలిచిన పిల్లవాడు సుద్దముక్క పట్టుకొని నిశ్చేష్టుడై నిలబడితే, తానూ పక్కనే అంతసేపూ నిలబడేవారు. ఒకసారి తనిఖీకి వచ్చిన అధికారి ఇది కాలహరణమని విసుక్కున్నాడు. "ఆగిండంటే రానట్టు కాదు సార్, ఆలోచన చేస్తున్నట్టు" అన్నారు జహంగీర్ సార్. ఆ పిల్లవాడు చివరికి తప్పే రాశాడు. సార్ ముఖంలో మాత్రం నిరాశ కనిపించలేదు. తప్పు దాకా వచ్చినవాడికి ఒప్పు ఎంతో దూరం లేదని అధికారికి నచ్చజెప్పి పంపారు.

రెండేళ్ల క్రితం మా బడికి ట్యాబ్‌లు వచ్చాయి. ప్రతి విద్యార్థికీ తన స్థాయికి తగిన పాఠాన్ని యంత్రమే ఎంచి ఇస్తుందన్నారు. పిల్ల ఏ ప్రశ్న దగ్గర ఎంతసేపు ఆగింది, ఏ వీడియోను సగంలో వదిలేసింది అన్నీ గమనించి, దాన్ని బట్టి తరువాతి పాఠాన్ని సిఫారసు చేస్తుందట. అందరికంటే ముందు సంబరపడింది జహంగీర్ సారే. "ఒక్కొక్కల పక్కన కూసునుడు నాతోని అయితలేదు చెల్లె, గిదన్న కూసుంటది" అన్నారు. భౌతికశాస్త్రం పీరియడ్లన్నీ ట్యాబ్ పీరియడ్లయ్యాయి. బడిలో పెట్టే పరీక్షలు కూడా అందులోనే. నెలవారీ నివేదికలు పంపే బాధ్యత నాకు అప్పగించారు. ప్రతి పేరు ఎదుటా ఆకుపచ్చ గీత పెరుగుతూ ఉంటే, అదేదో నా ప్రయోజకత్వమైనట్టు గర్వపడేదాన్ని.

ఆ గీతల్లో అన్నిటికంటే పొడవైనది శ్రావణిది. పదో తరగతి. తండ్రి మల్లేశం మన్నెగూడలో ఆటో నడుపుతాడు. ఏ ప్రశ్ననైనా రెండుసార్లు చదివితే గానీ జవాబివ్వని పిల్ల. అర్ధసంవత్సర పరీక్షలో నూటికి నూరు వచ్చాయి. ఆ వారమే, తరగతిలో తిరుగుతూ మాటవరసకు సార్ ఆమెను పుటాకార దర్పణం గురించి ఏదో అడిగారు. శ్రావణి లేచి నిలబడి, "నా దాంట్ల గది రాలే సార్" అంది. బెదురు లేదు, సిగ్గు లేదు. రాని పాఠం గురించి అడగడమేమిటన్న ఆశ్చర్యం మాత్రమే ఉంది.

సార్ ఆమె ట్యాబ్ తీసుకొని మొదటి రోజు నుంచి చూశారు. కాంతి లేదు, విద్యుత్తు లేదు. తొలి రోజుల్లో ఆమె ఆగి ఆగి జవాబులిచ్చింది. యంత్రం ఆమెను మందబుద్ధిగా నిర్ణయించి కింది తరగతి పాఠాలకు దించింది. పరీక్షలో కూడా చూపించిన వాటినే అడిగింది. నూటికి నూరు అలా వచ్చాయి. ఆ వారమంతా ఆయన ఒక్కొక్క పిల్ల పక్కన కూర్చొని, ఏం వచ్చిందో, ఏం రాలేదో విచారించారు. శనివారం స్టాఫ్ రూములోకి వచ్చినప్పుడు ముఖం పాలిపోయి ఉంది. "ఒక్క తరగతిల ఒక్క పుస్తకం లేదు చెల్లె. ఎవరిది వాళ్లకే. మనకాడ సిఫారసంటే పెద్దమనిషి రాసిచ్చే చిట్టి. చేతిల ఉంటది, ఏం రాసిండో చదువుకోవచ్చు. గీ చిట్టి మాత్రం పిలగాండ్లకు చూపెట్టరు" అన్నారు.

మల్లేశాన్ని పిలిపిస్తే బడికి రాలేదు. సారే మన్నెగూడ ఆటో స్టాండుకు వెళ్ళారు, శ్రావణిని వెంటబెట్టుకొని. నేనూ వెళ్ళాను. మల్లేశం వినయంగానే అడిగాడు: "మా బిడ్డకు నూటికి నూరు వస్తున్నయ్ గద సార్. మల్ల తక్కువేంది?"  సార్ ఆటో హెడ్‌లైట్ విప్పించారు. లోపలి మెరిసే గిన్నెను చూపి, బల్బు ఎక్కడ ఉంటే వెలుగు తిన్నగా పోతుందో, ఎక్కడికి జరిపితే చెదిరిపోతుందో కూతురికి చెప్తుంటే తండ్రి కూడా వంగి చూశాడు. ఇన్నేళ్లుగా నడుపుతున్న బండిలో ఇంత ఉందని తనకు తెలియదన్నాడు. ఆ పాఠాలు తన బిడ్డకు చెప్పనే లేదని అతనికి తెలిసింది కూడా అప్పుడే.

తరువాతి మండల సమావేశంలో ట్యాబ్‌ల సంస్థ ప్రతినిధిని సార్ ఒక్కటే అడిగారు. ఏ పిల్లకు ఏ పాఠం చూపించలేదో తెలిపే పేజీ ఎక్కడుందని. ఆ యువకుడు మర్యాదస్తుడు. వెతికాడు. అటువంటి పేజీ లేదన్నాడు. వాడే కొద్దీ యంత్రమే నేర్చుకుంటుందని, సూచనను పైకి పంపుతానని చెప్పి కూర్చున్నాడు. సభలో కొందరు నవ్వారు. తిరుగు ప్రయాణంలో నేను, ఈ వయసులో ఈ పట్టుదల దేనికి సార్, బీపీ పెరుగుతుంది, వదిలేయండని అన్నాను. నా నివేదికలకు మచ్చ వస్తుందన్న బాధ కూడా ఆ మాటలో ఉంది. ఈనాడు ఆ సంగతి ఒప్పుకోకుండా ఈ వ్యాసం రాసే అర్హత నాకు లేదు.

ఆ తరువాత ఆయన చేసిన పని తలచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. మిగిలిన ఒక ట్యాబ్‌లో తన పేరుతోనే ఎనిమిదో తరగతి విద్యార్థిగా చేరారు. పదమూడేళ్లప్పుడు తాను ఎలా తడుముకునేవారో అలాగే తడుముకున్నారు, ఎక్కడ తప్పేవారో అక్కడే తప్పారు. పది రోజుల్లో యంత్రం ఆయన్ను కిందికి దించింది. అక్కడి నుంచి అన్నీ సరిగ్గా చెప్పసాగారు. నక్షత్రాలు వచ్చాయి, శభాష్ అని వచ్చింది, పై పాఠం రాలేదు. నెల రోజులు వేచి చూశారు. ఒక మధ్యాహ్నం, టిఫిన్ డబ్బా మూత తీయకుండానే తెరను నా వైపు తిప్పారు. థర్మామీటరు బొమ్మ, దాని కింద పేరు రాయమన్న ప్రశ్న. ముందు రోజుదీ అదే.

"ఏడు తప్పినప్పుడు మా సారు నా ముంగట అర్థంకాని పాఠం పెట్టిండు. గదే నన్ను గుంజుకపోయింది" అన్నారు. "గిది అర్థమయ్యేదే పెడుతది. దీనికి అప్పజెప్తే నేను సైన్స్ సారును అయ్యేటోన్ని కాదు చెల్లె. కాలేదని బాధ సుత ఉండకపోవు. అసోంటిదొకటి ఉన్నదని తెలిస్తే గద బాధ."

ఆ రోజు నుంచి నేను ఆకుపచ్చ గీతలను చూడలేకపోయాను. ఆయన ప్రార్థనకు ముందు గంట, సాయంత్రం గంట పెట్టుకొని, పిల్లల దాకా రాని పాఠాలను నోటితో చెప్పడం ప్రారంభించారు. కానీ పుస్తకమంతటి నుంచీ అడిగే పబ్లిక్ పరీక్షలకు మిగిలిన వ్యవధి స్వల్పం. శ్రావణి పాసయింది గానీ భౌతికశాస్త్రంలో అత్తెసరు మార్కులే. పాలిటెక్నిక్‌లో చేరాలని ఆశపడింది, సీటు రాలేదు. ఈ యేడు కొత్త పదో తరగతికి కూడా అదే తంతు. సార్ మళ్ళీ మొదటి బెంచీ నుంచి మొదలుపెట్టారు. సగం తరగతి కూడా పూర్తి కాలేదు.

ఆయన పార్థివదేహాన్ని చూడటానికి వెళ్ళినప్పుడు, గుమ్మం బయట ఆడవాళ్ల మధ్య శ్రావణి నిలబడి ఉంది. ఇంటర్‌లో సైన్స్ లేని సీఈసీ తీసుకుందట. ఏడవలేదు. ఫలితాలొచ్చిన రోజు సార్ ఫోన్ చేసి చెప్పిన మాట నాకు చెప్పింది: "నీకు రాకపోవుడు వేరు బిడ్డ, నీ దాక రాకపోవుడు వేరు. రాదని ఎవలన్న అంటే నమ్మకు." నేను వ్యాకరణం బోధించిన ఇన్నేళ్లలో 'రావడం' అన్న ఒక్క క్రియలో ఇంత అంతరం ఉందని ఏ తరగతికీ చెప్పలేకపోయాను.

ఆయన స్థానంలో ఎవరినీ నియమించలేదు. ట్యాబ్‌లున్నాయి కదా, అంతవరకు సర్దుకోండని పైనుంచి కబురు. వచ్చే ఏడు ఆరో తరగతి నుంచే ఈ సిఫారసులు మొదలవుతాయట. తెలుగు పాఠాలు కూడా అందులోకే వెళతాయట. ఏ పద్యం ఏ పిల్లకు కఠినమో యంత్రమే తేలుస్తుంది. కఠినమని తేల్చిన పద్యం ఆ పిల్ల చెవిన ఎన్నటికీ పడదు. అడిగేవారుండాలి. అడిగే ఆ ఒక్క గొంతు మూగబోయింది. విద్యార్థి మౌనాన్ని గౌరవించిన ఆ మహోపాధ్యాయునికి చేతులు జోడించడం తప్ప, ఆ లోటు పూడ్చే శక్తి మాలో ఎవరికీ లేదు.

నిన్న ఆయన పీరియడ్‌కు నేను వెళ్ళాను. ఆయన ఉండగా ఆ గదిలో అంతటి నిశ్శబ్దం నేనెన్నడూ వినలేదు. అందరి తలలూ తెరల మీదికి వంగి ఉన్నాయి. ఆయన ఆపిన చోటు నుంచి మొదలుపెడదామని, నాలుగో బెంచీలోని ఒక అమ్మాయి పక్కన కూర్చొని, నీకు ఏ పాఠాలు రాలేదమ్మా అని అడిగాను.

ఆ పిల్ల చాలాసేపు ఆలోచించింది. "రానిది ఏందో నాకెట్ల తెలుస్తది మేడం?" అంది.

నేను భౌతికశాస్త్రం పుస్తకం తెరిచాను. అందులో ఏది ముందో, ఏది లేకపోతే ఏది నిలవదో నాకూ తెలియదు. పిల్ల కాసేపు నా ముఖం చూసి, మళ్ళీ తెర మీదికి తల వంచింది.