బోరు నవల మీద నా అభిప్రాయం

రాష్ట్రం విడిపోయాక వచ్చిన రెండో ఎండాకాలంలో మా బండిని తొండూరు మండలంలోని ఒక చీనీ తోటకు, అంటే బత్తాయి తోటకు, పంపించారు. బండి అంటే బోరు వేసే లారీ. నేను దానికి మేనేజర్‌ని. యజమాని ఆఫీసు ప్రొద్దుటూరులో ఉండేది. డ్రిల్లర్ మిషన్ చూసుకుంటే, రైతును చూసుకోవడం మేనేజర్ పని. ఎన్ని రాడ్లు దిగాయి, కేసింగ్ పైపు ఎంత పట్టింది, ఏ లోతులో ఏ రంగు పొడి వచ్చింది అన్న లెక్క కూడా నాదే. రాడ్డు ఇరవై అడుగులు. రాడ్డు దిగినప్పుడల్లా పైకి వచ్చిన రాతిపొడిని దోసెడు తీసి, వరుసగా కుప్పలు పెట్టిస్తాం. కుప్ప రంగు మారితే లోపల రాయి మారినట్టు. పొడి తడిసి ముద్దకడితే ఎక్కడో నీళ్లున్న సందు తగిలినట్టు. పదో తరగతితో చదువు ఆపినవాణ్ణి కనుక ఈ లెక్కలన్నీ నేను బండి దగ్గరే, తప్పులు చేస్తూ దిద్దుకుంటూ నేర్చుకున్నాను.

ఈ పనిలో ఒక కట్టుబాటు ఉంది. బయటివాళ్లకు వింతగా ఉండవచ్చు. రాడ్డు భూమిలో ఉండగా బండి మనిషి ఎవడూ "ఆపుదాం" అనకూడదు. "నీళ్లు పడవు" అని అసలే అనకూడదు. ఆపమనే మాట రైతు నోటినుంచే రావాలి. అపశకునమనే భయం కొంత ఉంది కానీ అసలు కారణం వేరు. మేము ఆపమన్న చోట ఆపితే, రేపు పక్క పొలంలో ఇంకాస్త లోతున నీళ్లు పడ్డ రోజు ఆ రైతు మా ఆఫీసు ముందు కూర్చుంటాడు. దించమని మేము చెప్పి దుమ్ము వచ్చినా కూర్చుంటాడు. అందుకే రైతు అడిగిన ప్రతిదానికీ మేనేజర్ జవాబు ఒక్కటే: "నీ ఇష్టమప్పా." ఉద్యోగంలో చేరిన రోజే యజమాని నాకు ఈ మాట నేర్పించాడు.

కంప్రెసర్ నడుస్తుంటే పక్కనున్న మనిషి మాట కూడా వినపడదు. గంటల తరబడి రాడ్డు దిగడం చూస్తూ కూర్చోవాలి. నేను నవలలకు అలవాటు పడింది అందుకే. ప్రొద్దుటూరులో వలీ భాయ్ అని ఒకాయన బాడుగ పుస్తకాల అంగడి నడిపేవాడు. ఆయన అంగట్లో ఒక పద్ధతి ఉండేది. పుస్తకం తిరిగి ఇచ్చేటప్పుడు ఎలా ఉందో చెప్పి తీరాలి. చెప్పందే ఇంకో పుస్తకం చేతికివ్వడు. ఆ మాటను గుర్తుపెట్టుకుని తర్వాత వచ్చినవాళ్లకు చెబుతాడు. "ఫలానా మాస్టరుకు నచ్చలేదు, ఫలానా నర్సమ్మ రెండుసార్లు చదివింది" అంటూ. ఆ అంగడికి వేరే ప్రకటన అక్కర్లేదు.

నా అభిప్రాయాలంటే ఆయనకు కొంచెం భయం. ఆ వేసవికి ముందు చదివిన వాటి గురించి చెబుతాను. ఒక డిటెక్టివ్ నవలలో కథానాయకుడు కడపలో టిఫిన్ తిని బస్సెక్కి, గంట తిరగకముందే పులివెందులలో దిగి హత్యను ఆపుతాడు. దాదాపు రెండు గంటలు పట్టే ఆ బస్సు ఎక్కినవాళ్లెవరూ ఆ హత్య ఆగిందని నమ్మరని చెప్పాను. ఇంకొకటి కక్షల నవల. మొదటి పేజీలోనే ఊరికి నూరు గడపలని రాసి, సగం పుస్తకానికే అంతమంది మగవాళ్లను చంపేశాడు రచయిత. మిగతా సగంలో కొట్లాడుకుంటున్నది ఎవరో నాకు అర్థం కాలేదు. ఒక ప్రేమకథ మాత్రం బాగుందన్నాను. అందులో అంకెలే లేవు కనుక నాకు తప్పులు దొరకలేదు. వలీ భాయ్ నవ్వి, "నీకు నవల ఇయ్యడం కన్నా ఎక్కాల పుస్తకం ఇయ్యడం మేలు సాబ్" అన్నాడు.

ఆ తర్వాత చదివింది బోరు నవల. అప్పట్లో మా వైపు అందరూ చదువుతున్న పుస్తకం అది. ఒక రైతు, ఎండిపోతున్న తోట, ఒకదాని తర్వాత ఒకటిగా బోర్లు. చివరి అధ్యాయం వచ్చేదాకా నేను పుస్తకం కింద పెట్టలేదు. పొడి కుప్పల వరుస, రైతు పిడికిట్లో పొడి నలిపి చూసుకోవడం, ఇంట్లో మాటలు తగ్గిపోవడం, ఇవన్నీ కళ్లతో చూసి రాసినవే. చివర్లో మాత్రం, అందరూ ఆపమంటున్నా రైతు మొండిగా దించమంటాడు. తొమ్మిది వందల అడుగులు దాటాక నీళ్లు ఆకాశానికి లేస్తాయి. నేను వలీ భాయ్‌కి రెండు మాటలు చెప్పాను. పుస్తకం వదలకుండా చదివించింది అన్నది మొదటిది. ముగింపు అబద్ధం అన్నది రెండోది.

తొండూరు దగ్గర మేము బోరు వేస్తున్న రైతు పేరు గంగులప్ప. వాళ్లది గొర్రెలు కాచే ఇల్లు. గంగులప్ప హయాంలోనే నాలుగెకరాల్లో చీనీ చెట్లు పెట్టారు. కాపుకొచ్చి మూడేళ్లయింది. పాత బోరు ఎండిపోయి, చెట్ల ఆకులు ముడుచుకుంటున్నాయి. ఆరువందల అడుగుల వరకు మాట్లాడుకుని, దానికి సరిపడా డబ్బు చేతిలో పెట్టుకుని మమ్మల్ని పిలిచాడు. ఆ లోతు దాటితే ప్రతి వందకూ అడుగు ధర పెరుగుతుంది. అంతకుమించి దించాలంటే అతనికి మిగిలింది గొర్రెల మంద ఒక్కటే. మందను కొనడానికి పులివెందుల నుంచి ఒక వ్యాపారి ఉదయమే వ్యాన్ తెచ్చి గట్టు మీద నిలబెట్టుకున్నాడు. గంగులప్ప భార్య నాగమ్మ గొర్రెల దొడ్డి వాకిట్లో కూర్చుని, పొద్దుటినుంచి అక్కడినుంచి లేవలేదు. తోట ఏడేళ్లదని, గొర్రెలు తాతల నాటివని, ఏది ముందో తన మొగుడికి ఎవరైనా చెప్పండని మా కూలీలతో అన్నదట.

మధ్యాహ్నానికి ఆరువందలు దిగింది. ముప్పై కుప్పలు. మొదటి నాలుగైదు ఎర్రగా, ఆ తర్వాతవన్నీ ఒకే నల్లటి పలక రాయి పొడి. అక్కడినుంచి రంగు మారలేదు. తేమ తగల్లేదు. డ్రిల్లర్ కంప్రెసర్ ఆపి నా వైపు చూశాడు. నేను గంగులప్ప వైపు చూశాను. గంగులప్ప వ్యాన్ వైపు చూసి, వ్యాపారిని పిలవమని చెయ్యి ఊపాడు. ఆ తర్వాత నా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు.

"మేనేజరప్పా, ఏం జేద్దామంటావ్?"

"నీ ఇష్టమప్పా" అన్నాను.

"నువ్వట్లే అంటావని తెలుసులే. అయినా నాకు ధైర్యముండాది. ఆ బోరు బుక్కు నేనూ సదివినా. ఆడ తొమ్మిదొందలు దాటినాక గదా పడింది? మనం ఇంకా ఆరొందల కాడే ఉండాం."

నవలను చూసి బోరు వేస్తారా అని నవ్వుదామనుకున్నాను. ఈలోగా అతనే మిగతాది చెప్పాడు. గొర్రెలు అమ్మడానికి ప్రొద్దుటూరు వచ్చినప్పుడల్లా అతను వలీ భాయ్ అంగడికి పోతాడట. ఆ పుస్తకం చేతికిస్తూ వలీ భాయ్ నా పేరు చెప్పాడట.

"బోరు బండి మేనేజరే వదలకుండా సదివినాడంట, బాగుందన్యాడంట. కథలు రాసేటోళ్ల మాట నేను నమ్మనప్పా. నువ్వు మెచ్చుకున్యావంటే ఉన్నదే రాసినారని నమ్మినా."

వలీ భాయ్ నేను చెప్పిన రెండు మాటల్లో ఒకటే అతనికి చేరవేశాడు. అందులో ఆయన దురుద్దేశం ఏమీ లేదు. పుస్తకాలు బాడుగకు ఇచ్చే మనిషి ముగింపు అబద్ధమని ముందే చెబితే ఆ పుస్తకం ఎవరు తీసుకుంటారు? పుస్తకాల అంగట్లో అది చిన్న విషయం. ఇక్కడ మాత్రం వ్యాపారి అప్పటికే దొడ్డి గేటు దగ్గర నిలబడి పొట్టేళ్ల నడుములు ఒత్తి చూస్తున్నాడు.

బోరు గురించి నోరు తెరిచే హక్కు నాకు లేదు. పుస్తకం గురించి ఉంది.

"గంగులప్పా, ఆ బుక్కు గురించి నేను ఇంకో మాట కూడా జెప్పినా. భాయ్ నీకు జెప్పలేదు. కడదాకా అంతా నిజమే. ఆ నీళ్లు పడేది మాత్రం అబద్ధం."

"అబద్ధమంటే?"

"రాయి మారకుండా నీళ్లు లేసినాయని రాసినాడు. పొడి తడవలేదు, రంగు మారలేదు, ఒక్కపారిగా లేసినాయి. అంతవరకూ ఆయప్ప రాయిని జూసి రాసినాడు. ఆడ మాత్రం మన ఆశను జూసి రాసినాడు."

అతను లేచి, కుప్పల వరుస మొదటినుంచి చివరిదాకా నడిచాడు. చివరి కుప్పలోంచి పిడికెడు తీసి గట్టిగా పట్టి, వేళ్లు విప్పాడు. పొడి గాలికి పోయింది. డ్రిల్లర్ వైపు తిరిగి, "రాడ్లు ఎత్తండప్పా" అన్నాడు.

వ్యాపారి నా మీద విరుచుకుపడ్డాడు. "పొద్దున్నుంచి ఎండలో నిలబడితి. బుక్కు ముచ్చట్లు జెప్పి బ్యారం చెడగొడ్తివి గదప్పా" అని, ఖాళీ వ్యాన్‌తో వెళ్లిపోయాడు. నాగమ్మ దొడ్డి వాకిట్లోంచి లేచి, మాకందరికీ మజ్జిగ ఇచ్చింది. బోరు నోటి మీద బండరాయి పెట్టి మేము సాయంత్రానికి బయలుదేరాం.

విషయం ప్రొద్దుటూరు చేరింది. ఆపమని నువ్వు చెప్పావా అని యజమాని అడిగాడు. నేను చెప్పింది ఒక నవల మీద అభిప్రాయమని జవాబిచ్చాను. ఆయన నవ్వలేదు. ఆ సీజన్ అయ్యేదాకా నన్ను బండి ఎక్కనివ్వలేదు. ఆఫీసులోనే కూర్చోబెట్టాడు.

ఆ వేసవి ముగిసేలోపే గంగులప్ప తోట పోయింది. ముందు పిందెలు రాలాయి, తర్వాత ఆకు, చివరికి కొమ్మలు. వానాకాలానికి చెట్లను కట్టెలకు కొట్టించాడని విన్నాను. ఆరువందల అడుగుల కింద ఏముందో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. ఆ చుట్టుపక్కల ఇంకెవరూ అంత లోతుకు దించలేదు. నా లెక్క ప్రకారం అక్కడ నీళ్లు లేవు. లెక్క తప్పయ్యే అవకాశం ఎంత అని ఎవరైనా అడిగితే, సున్నా అని చెప్పలేను.

కంప్రెసర్ మోతకు నా చెవులు దెబ్బతిని, యాభై రెండేళ్లకే పని మానేశాను. చెవి చూపించుకోవడానికి జమ్మలమడుగు ఆసుపత్రికి పోయిన రోజు, పెన్న వంతెన దగ్గర గంగులప్ప కనిపించాడు. ఏటిలో మందను తోలుకుపోతున్నాడు. మంద పెరిగింది. మనిషి తగ్గాడు. నాగమ్మ బాగుందని, తోట చేను బీడు పడి ఉందని, మేత కోసం ఇంత దూరం వస్తున్నానని చెప్పాడు. నాకు వినపడటానికి ప్రతి మాటా గట్టిగా చెప్పాల్సి వచ్చింది. కాసేపటికి ఆ పుస్తకాన్ని మళ్లీ తెచ్చుకున్నానని అన్నాడు. మొత్తం చదవలేదట. చివరి అధ్యాయం మాత్రమే చదివాడట.

"నువ్వు జెప్పింది నిజమేలే అప్పా, అబద్ధమే అది" అన్నాడు. "అయితే ఆడ తోట పచ్చగుంటాది."

అతను మందను అదిలించుకుంటూ ఇసుకలోకి దిగిపోయాడు.

ఇప్పుడు నాకు తీరిక ఎక్కువ. నెలకు నాలుగైదు నవలలు చదువుతాను. వలీ భాయ్ అంగట్లో కొడుకు కూర్చుంటున్నాడు కానీ పద్ధతి మారలేదు. పుస్తకం తిరిగి ఇచ్చేటప్పుడు అభిప్రాయం చెప్పాల్సిందే. నేను చెప్పే రెండు మాటలనూ అతనితో ఒకసారి తిరిగి చెప్పించుకుని గానీ కదలను. ఆ బోరు నవల మీద నా అభిప్రాయం మారలేదు. దాని గురించి ఎవరడిగినా ముగింపు అబద్ధమనే చెబుతాను. ఆ అధ్యాయం చదవవద్దని మాత్రం ఎవరికీ చెప్పను.