బల్ల కింద చాపిన చెయ్యి

నా చిన్నప్పుడు మా ఇంట్ల హోటల్ అనే మాట ఎప్పుడొచ్చినా దవాఖాన అనే మాట ఎనకాలనే వస్తుండె. ఎవలికన్న పానం బాగలేకపోతే జనగామకు పోవాలె, పోతే పగటిపూట హోటల్ల తినాలె. ఉత్తగ తినబుద్ధై హోటల్‌కు పోవుడనేది మా ఊర్లె ఎవ్వలకూ ఎరుక లేదు. అందుకే పెద్దోళ్లు ఎవలన్న మంచంల మూలుగుతుంటే, పాపం అనుకుంటనే, ఈసారి నన్ను తోలుకపోతరా తమ్ముణ్ని తోలుకపోతరా అని లోపల లోపల ఆశపడుతుంటిమి. పిల్లల బుద్ధులు గట్లనే ఉంటయి కద!

మాది నర్మెట్ట దిక్కు చిన్న ఊరు. మా నాయిన ఆ ఊర్లె గొంతున్న మనిషి. చేన్ల గెట్టు పంచాయితైనా నీళ్ల పంచాయితైనా ఆయనను పిలవకుండ తెగకపోతుండె. ఎంత పెద్దమనిషి ముంగటనైనా ఉన్నది ఉన్నట్టు మొఖం మీదనే అనేటోడు. ఆయన కేకేస్తే మన ఎడ్లే కాదు, పక్క చేన్ల ఎడ్లు కూడ బెదిరి నడుస్తయని అమ్మ ఎక్కిరిస్తుండె. నాకైతే నాయిన పక్కన ఉంటే భయమన్నదే తెల్వదు.

ఆ ఏడు కంది కోసినంక చేన్ల నడుస్తుంటే నేలల మిగిలిన కందికొయ్య మొన అమ్మ అరికాల్ల దిగింది. పసుపు పెట్టింది, ఆకు పసరు పిండింది, అదే పోతదని ఊకున్నది. కాలు ఉబ్బి, జ్వరమొచ్చి, చెంబు కూడ ఎత్తలేని కాడికి వచ్చినంక నాయినకు భయం పట్టుకున్నది. నన్ను కూడ ఎంటేసుకోని బస్సుల జనగామకు తీసుకపోయిండు. నాయిన చీటీ కోసం లైన్ల నిలబడితే అమ్మ పక్కన కూసోనికి ఒక మనిషి కావాలె కద, ఆ మనిషిని నేను. దవాఖానల చీము తీసి కట్టు కట్టిండ్రు. వారం దాక కాలు నేలకు ఆనియ్యద్దు, నడిస్తే పుండు పగిలి కాలు మీదికే వస్తదని డాక్టరమ్మ ఒకటికి రెండుసార్లు చెప్పింది. నాయిన ప్రతి మాటకు తలకాయ ఊపిండు.

అక్కడికెల్లి బస్టాండు కాడి హోటల్‌కు పోయినం. అద్దాల తలుపు, నున్నటి బల్లలు, పైన గిర్రున తిరిగే పంకా. అమ్మ నాయిన భుజం పట్టుకోని ఒంటికాలి మీద గెంతుకుంట లోపలికొచ్చింది. అందరు తలకాయలెత్తి చూసిండ్రు. మూలకున్న బల్ల కాడ కూసున్నం. మా ఎనకొచ్చినోళ్లకు ఆకులు పడ్డయి, వాళ్లు తిన్నరు, లేచి పోయిండ్రు. మా బల్ల దిక్కు ఎవ్వలు రాలే. వడ్డించేటోడు నున్నగ దువ్విన జుట్టోడు, వయసుల ఉన్నోడు, మా పక్కనుంచే పోతుండె, వస్తుండె. మేం అక్కడ ఉన్నట్టే వాని కండ్లకు కానరాకపాయె.

అమ్మకు జ్వరం మీద నాలిక పీక్కపోతుండె. జర నీళ్లియ్యి తమ్మీ, గొంతెండుతున్నది, అన్నది. వాడు ఆగిండు. అమ్మ దిక్కు గాదు, పక్క బల్లోళ్ల దిక్కు తిరిగి, అమ్మ లెక్కనే గొంతు సాగదీసి, "జర నీళ్లంటండీ! జరంటే ఎంతండీ, గ్లాసా, బిందెనా?" అన్నడు. పక్క బల్లోళ్లు కిసకిస నవ్విండ్రు. అమ్మ తలకాయ దించుకున్నది. నేను నాయిన దిక్కు చూసిన. ఇగ చూడు వీని పని, నాయిన ఒక్క కేక పెట్టిండంటే పంకా కూడ ఆగుతది, అనుకున్న. నాయిన బల్ల మీద లేని దుమ్మును చేత్తోని తుడుస్తున్నడు.

నీళ్లు వచ్చినయి, నాలుగు వేళ్లు గ్లాసులల్ల ముంచి పట్టుకొచ్చిండు. అన్నం వచ్చింది, పప్పు రాలే. వట్టి అన్నం సగం మింగినంక పప్పొచ్చింది. మళ్ల అన్నం ఏమన్న కావాల్నా అని వాడు ఈసడింపుగ అడిగితే నాయిన, "అక్కర్లేదండీ" అన్నడు. నాయిన నోట్లెకెల్లి 'అండి' అన్న మాట నేను మొట్టమొదట ఇన్నది గప్పుడే. అది నాయిన గొంతే కాదు. ఎవలో పెద్ద చదువుకున్నాయన చొక్కా అడుక్కోని తొడుక్కున్నట్టున్నది. నాకు ఆకలి పోయింది.

గా హోటల్లనే ఒక ముసలాయన ఉండె, బల్లలు తుడిచే ముస్లిం తాత. అమ్మ కాలు చూసి, ఎవలు చెప్పకముందే ఒక కట్టెపీట తెచ్చి కాలి కింద పెట్టిండు. నరం గుంజుతది బేటీ, మీద పెట్టుకో, అన్నడు. తినంగ తినంగ రెండుమాట్లు వచ్చి పీట కదులుతున్నదా అని చూసిపోయిండు.

బిల్లు సోంపు గిన్నెల పెట్టుకొచ్చిండు వడ్డించేటోడు. పక్క బల్లోళ్లు పోతపోత గిన్నెల చిల్లర ఇడిచిపెట్టుడు నాయిన చూసిండు. టిప్పనే మాట గప్పుడు మాకు తెల్వదు గని, ఇడిచిపెట్టుడు పెద్దమనిషి లక్షణమని ఆయనకు సమజైనట్టున్నది. బిల్లు పైసలు గిన్నెల పెట్టినంక నాయిన అంగీ జేబు ఖాళీ. వాడు అక్కడనే నిలబడి గోడ దిక్కు చూస్తున్నడు. గప్పుడు నాయిన బల్ల కింద నుంచి అమ్మ దిక్కు చెయ్యి చాపిండు. అమ్మ కొంగున ఒక నోటు ముడేసి ఉండె, అది బస్సు టికెట్లది. అమ్మ ఆయన మొఖం చూసింది, చెయ్యి చూసింది. ముడి విప్పి నోటు చేతుల పెట్టింది. నాయిన ఆ నోటును అందరు చూసేటట్టు గిన్నెల పెట్టి, భుజాలు నిక్కించుకోని లేచిండు. వాడు నోటు జేబుల పెట్టుకోని పోయిండు. పీట తెచ్చిన తాతకు ఇయ్యనీకె మాకాడ ఏం మిగల్లే. ఆయన పీట తీసి పక్కకు పెట్టి, అమ్మకు అద్దాల తలుపు తెరిచి పట్టుకున్నడు.

బస్టాండ్ల నాయిన మమ్ముల అరుగు మీద కూసోబెట్టి, మనూరి దిక్కు పొయ్యే బండి ఏదన్న దొరుకుతదేమో చూస్త, అన్నడు. మా బస్సు వచ్చింది, నింపుకున్నది, పోయింది. నాయిన దాని దిక్కే చూడలే. పొద్దు వాలంగ గింజలు దింపి ఖాళీగ పోతున్న ఎడ్లబండి ఒకటి దొరికింది. అది కూడ సగం దూరమే. మా ఊరి తొవ్వ చీలే కాడ దింపి వాళ్ల దారిన వాళ్లు పోయిండ్రు. ఆడికెల్లి అమ్మ ఆ కాలుతోనే నడిచింది. ఈపు మీద ఎత్తుకుంటనని నాయిన ఎంతగనం బతిలాడిండో! ఊరోళ్లు చూస్తే నవ్వుతరని అమ్మ ఒప్పుకోలే. తెల్లటి కట్టు మొదలు మన్ను రంగుకొచ్చింది, తర్వాత తడిసింది.

ఊరు కానొచ్చే కాడ నాయిన నిలబడిపోయి, వానికి ఎందుకిచ్చిన్నో నాకే ఎరుకలేదే, అన్నడు.

"నాకెరుకే," అన్నది అమ్మ. "నవ్వినోనికి ఇచ్చినవు. పీట తెచ్చినాయనకు ఇయ్యలే."

తిట్టినట్టు కాదు, ఏడ్చినట్టు కాదు, ఉప్పు అయిపోయిందని చెప్పినట్టు చెప్పింది.

పుండు పగిలింది. వారం గడవకముందే జ్వరం మళ్ల తిరగబెట్టింది, కాలు మడమ దాక నల్లవడ్డది. మళ్ల జనగామకు పోయినం. డాక్టరమ్మ కట్టు విప్పి అగ్గి మీద గుగ్గిలమైంది. నడవద్దన్ననా లేదా, ఎందుకు నడిచినవు, కాలు తీసేయాల్నా ఏంది, అని అరిచింది. అమ్మ కండ్లు మూసుకోని, ఇంట్ల పని ఆగుతదా అమ్మా, అన్నది. తప్పు తన మీదేసుకున్నది. నాయిన మంచం కాల్ల దిక్కు నిలబడి ఉన్నడు. ఆ మాటకు ఆయన మొఖం ఎట్లైందో నేను చూసిన, చూడకుంటే బాగుండు అనుకున్న. సిగ్గంటే మనిషి మొఖంల రగతం లేకపోవుడని నాకు ఆ పొద్దే తెలిసింది.

దవాఖానకెల్లి బయటకొచ్చినంక నాయిన అరటిపండ్లు కొంటనన్నడు. అమ్మ వద్దన్నది. గా హోటల్లనే తింట, గా బల్ల కాడనే కూసుంట, అన్నది. నాయిన, పంచాయితికి గుంజుకపోతున్న దొంగ లెక్క మా ఎనక నడిచిండు.

ఏం చెప్పాలె మీకు! మేం అద్దాల తలుపు దాటంగనే వడ్డించేటోడు ఉరికొచ్చిండు. నోటు యాదికున్నది వానికి. బల్ల తుడిచిండు, పంకా మా దిక్కు తిప్పమన్నడు, అడగకముందే నీళ్లు పోసిండు. రండి సార్, కూర్చోండి అమ్మగారూ, అని ఒకటే మర్యాద. అన్నం పడంగనే పప్పు పడ్డది, పప్పు మీద నెయ్యి కూడ పడ్డది. నాయిన మొఖంల జర వెలుగొచ్చింది. పోయిన నోటు దండుగ పోలే అనుకున్నడేమో, పాపం.

అమ్మ గ్లాసు అందుకోలే. వాని దిక్కు చూసి, మా ఊర్లె మాట్లాడినట్టే, దాచకుండ, గట్టిగ మాట్లాడింది.

"తమ్మీ, ఆ దినం నీళ్లడిగితే నవ్వినవు. ఇయ్యాల అడగకముందే పోసినవు. ఆ దినం వచ్చింది కూడ మేమే కద?"

పక్క బల్లోళ్లు తినుడు ఆపిండ్రు. వాని చేతుల గరిటె అట్లనే ఉన్నది. ఏదో అనబోయిండు, 'అండి' అనే కాడికొచ్చి ఆగిపోయిండు. తర్వాత మెల్లగ, మాకు తప్ప ఎవలికి ఇనరాకుండ, "మాది కూడ గిదే దిక్కక్కా. రఘునాథపల్లి," అన్నడు. "గిట్ల మన తీరుగ మాట్లాడితే మా సేటు ఊకోడు."

నాయిన దిగ్గున తలకాయెత్తిండు. పక్కూరి పిలగానికి భయపడి అండి అన్ననా అనుకున్నడో ఏమో. కొంచెం సేపు వాణ్ని చూసి, పంచాయితిల మాట్లాడే గొంతుతోని, "జర పప్పెయ్యి తమ్మీ," అన్నడు. హోటలంత ఇన్నది. ఎవ్వలు నవ్వలే. వాడు వంగి రెండు గరిటెల పప్పు ఏసిండు. నాకు ఇద్దరి మీద జాలైంది. అద్దాల తలుపు లోపల ఇద్దరు ఒక్క తీరుగనే సొంత మాట మింగినోళ్లు.

పోయేటప్పుడు అమ్మ కొంగు ముడి తనే విప్పింది. టికెట్లకు పక్కకు పెట్టి, మిగిలింది బల్లలు తుడిచే తాత చేతుల పెట్టింది. ఆయన పైస చూడలే, కాలు ఎట్లున్నదని ముందు కాలు చూసిండు. వడ్డించేటోడు సోంపు గిన్నె పట్టుకోని నిలబడే ఉన్నడు. అమ్మ వానికి కోపం లేకుండనే చెప్పింది, నీది పోయినసారే అందింది తమ్మీ, అని. వాడు తల దించి, అందిందక్కా, అన్నడు.

అమ్మ కాలు దక్కింది గని, మడమ కాడ నరం గుంజి కొంచెం కుంటు మిగిలింది. ఆ కత అమ్మ మళ్ల ఒక్కనాడు ఎత్తలే. నాయిననే, ఆమె కుంటుకుంట వాకిట్లెకెల్లి పోతుంటే మొఖం తిప్పుకునేటోడు. ఆయన పోయే దాక గట్లనే తిప్పుకున్నడు.

ఇప్పుడు నేను మానుకోటల కొడుకు కాడ ఉంటున్న. మొన్న మనుమరాలికి భూపాలపల్లిల కొలువొచ్చిందని నన్ను పెద్ద ఏసీ హోటల్‌కు తీసుకపోయింది. మెడకు టై కట్టుకున్న పిలగాడు మేం చెప్పింది ఒకటైతే ఇంకోటి తెచ్చిండు. ఇదేంది బాబూ అంటే, మీరు సరిగ్గ చెప్పలేదన్నడు. మనుమరాలు ఫోన్ల పైసలు కడుతూ వానికి కూడ కొంత కలుపుతుంటే ఎందుకే అని అడిగిన. ఇయ్యకుంటే మనల్ని ఏమనుకుంటరో నాయినమ్మా, అన్నది. నా గుండెల కందికొయ్య దిగినట్టైంది. మంచిగ చూసిండని సంబురపడి ఇస్తే ఇయ్యి బిడ్డా, వాని సంసారం చూసి ఇస్తే ఇయ్యి, జంకి మాత్రం ఇయ్యకు, అని చెప్పిన. అది ఫోన్ పక్కకు పెట్టింది.

అంత చెప్పిన దాన్నే, లేచేటప్పుడు గా టై పిలగాడు పక్కకు జరిగితే, నా నోట్లెకెల్లి ఏమొచ్చిందో తెలుసా? "వస్తామండీ" అని వచ్చింది. ఇన్నేండ్లకు, ఇంత ముసలితనంల! మొఖం మండిపోయింది. కార్ల కూసున్నంక కూడ గా మాటనే చెవుల మోగింది.

గట్లాంటప్పుడు నాయిన మీద నాకు కోపం రాదు. ఆయన చెయ్యి యాదికొస్తది. ఊరందరి ముంగట లేచే ఆ చెయ్యి, ఎవలికీ కానరాకుండ బల్ల కింద అమ్మ ముంగట చాపుకోని, గట్లనే ఆగి ఉన్నది. నేను పక్కనే కూసోని ఉన్న, నాకు అందేటంత దగ్గర. ఇప్పుడైతే ఆ చేతుల నోటు పడకముందే నా చెయ్యి పెడుదును.