అత్త చదివిన కాగితం

నిన్న వనపర్తిల మా ఇంటికి గద్వాల దిక్కు నుంచి జొన్నల సంచి వచ్చింది. దాని మీద వంకరటింకర తెలుగు అక్షరాలల్ల నా పేరు. రాసి పంపింది మా మేనత్తే అని తెలిసి నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వక వంటింట్లనే కూసున్న. డెబ్బై ఏండ్లు దాటిన మా అత్తకు, నాకు తెలిసినంత వరకు, తెలుగు రాయరాదు.

చదువుకోలేదనుకునేరు! శుభ్రంగ చదివింది, కన్నడంల. కర్ణాటక సరిహద్దునానుకున్న వాళ్ల ఊర్ల అప్పట్ల బడి లేదు. మన దిక్కు బడికి పోవాలంటే పూట నడక. వాగవతలి కన్నడ బడి గంట మాత్రం ఇంట్లకే వినబడేది. మా తాత అటే తోలిండు. ఊరంతా ఆమెను చదువుకున్నామె అనేటోళ్లు, ఆమేమో గద్వాల బస్సు బోర్డు చదవాలంటే పక్కోళ్లను అడిగేది. వనపర్తిల పెరిగిన నేను మాత్రం నాలుగు బళ్లల్ల నచ్చింది ఏరుకొని చదివిన.

కొన్నేండ్ల కింద అత్త మనుమరాలికి గద్వాల హాస్టల్ బడిల సీటు వచ్చింది. చేరేటందుకు ఆఖరి రోజు వాళ్లిద్దరికి నేను తోడు పోయిన, డిగ్రీ చదివిన ధీమాతోని. పిల్ల పుట్టింది రాయచూరు దవాఖానల, వాళ్ల ఊరికి గద్వాల కన్న అదే దగ్గర. అక్కడోళ్లు చేత్తోని రాసిచ్చిన పుట్టిన కాగితమంత కన్నడమే. గుమాస్తా దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, "గిది మాకు తెల్వదమ్మా, తెలుగుల రాయించుకొని రేపు రాండ్రి" అన్నడు. రేపంటే సీటు పోయినట్టే. నా డిగ్రీ ఒక్క అక్షరానికి పనికి రాలేదు.

అత్త కొంగు దోపుకొని ముందుకొచ్చింది. "నేను చదువుత, నువ్వు రాసుకో సారూ."

"నువ్వు చదివింది నిజమని ఎట్ల నమ్మాలె అవ్వా?"

అత్తకు మండింది. వెనక లైను దిక్కు తిరిగి, "సరిహద్దు ఊర్లోళ్లు, కన్నడం వచ్చినోళ్లు ఎవరన్న ఉన్నరా?" అని కేకేసింది. ఆరేడుగురు చేతులెత్తిండ్రు, అందరు ఆడోళ్లే. "ఒక్కొక్కరిని లోపలికి పిల్వు. ముందు నేను చదివింది రాసి పెట్టుకో, తర్వాత నేను బయట నిలబడ్త." వాళ్లు ఒకరి మాట ఒకరు వినకుండ చదివిండ్రు. అందరు అత్త చదివినట్టే, అదే తారీకు, అదే తల్లి పేరు. గుమాస్తా పెద్ద సారు దగ్గరికి ఉరికిండు, సాక్షి సంతకం చాలన్నడు ఆయన. అత్త కన్నడంల సంతకం పెట్టింది. గుమాస్తా దాని దిక్కే చూస్తుంటే, "నా పేరే సారూ, మల్ల అందర్ని పిలుస్తవా?" అన్నది. ఆఫీసంత నవ్వు. అబ్బ, ఆ రోజు మా అత్తను చూసి నాకెంత గర్వమైందో!

తిరిగి పోయే బస్సుల మాత్రం కిటికీ దిక్కు చూసుకుంట మెల్లగ, "చదువొచ్చి గూడ నిజమని నమ్మించుకోవాల్సొచ్చె బిడ్డా" అన్నది. అది విన్నది నేనొక్కదాన్నే కాదు, హాస్టల్ సామాను తెచ్చుకునేటందుకు మాతోనే వస్తున్న మనుమరాలు గూడ. సెలవులకు ఇంటికొచ్చినప్పుడల్ల పలక ముందట పెట్టి అవ్వకు తెలుగు దిద్దించిందట.

సంచి అందిందని ఫోన్ చేస్తే అత్త మొదలు అడిగిన మాట, "తప్పులున్నయా?" నా పేరుల ఒక ఒత్తు తప్పింది. లేవని చెప్పిన. మన దిక్కు అక్షరం మా అత్త ఇంటి దాక రానీకి అరవై ఏండ్లు పట్టింది, ఒక ఒత్తు దారిల జారిపోతే ఏమాయె.